పారవేసిన వస్తువు

పూర్వము మన పల్లెలలో పెండ్లి జరిగినపుడు, భోజనముల బంతి లేచిన వెంటనే ఇద్దరు ముగ్గురు మనుష్యులు వచ్చి ఎంగిలి విస్తళ్ళను మడిచి, గంపల కెత్తి, ఊరి వెలుపలి పెంటకుప్పపై పోసి వచ్చెడివారు. మరునాడు పోయి చూచినచో ఆ విస్తళ్ళలో సగము కనబడెడివి కావు. కొన్నింటిని ఆవులును, మేకలును తినివేసెడివి. మిగిలినవి ఎండకు ఎండి, వానకు తడిసి, చివికి, పెంటలో కలిసిపోయెడివి. వేసవిలో రైతు ఆ పెంటను బండి కెత్తి పొలమునకు తోలెడివాడు. ఏరువాక నాటికి అది మట్టి యయ్యెడిది. పెండ్లినాడు అన్నము వడ్డించుకొన్న ఆకు, సంవత్సరము తిరుగక మునుపే అన్నము పండించు ఎరువుగా మారెడి దన్నమాట.

ఆ విస్తళ్ళను గూర్చి రెండు మాటలు చెప్పవలెను. కోస్తా జిల్లాలలో అరటియాకు, తెలంగాణమున మోదుగాకు, విశాఖ మన్యమునకు దగ్గరి ఊళ్ళలో అడ్డాకు విరివిగా వాడెడివారు. మోదుగాకు చిన్నది గనుక కొన్ని ఆకులను చేర్చి సన్నని పుల్లలతో కుట్టవలసి యుండెను. ఇండ్లలోని పెద్దలు మధ్యాహ్నపు తీరికలో అరుగుపై కూర్చుండి, ఊరి సంగతులు చెప్పుకొనుచు విస్తళ్ళు కుట్టి, కట్టలు కట్టి, అటకపై దాచెడివారు. పులుసునకు దొన్నె, దాహమునకు కుమ్మరివాని ముంత. ఇవి యన్నియు ఒక్క పూట వాడి పారవేయుటకే పుట్టిన వస్తువులు.

మన పూర్వులకు పారవేయుట యనునదే తెలియదని కొందరు పొగడుచుందురు. ఆ మాట సగమే నిజము. వారును పారవేసిరి. ఎంగిలి యను పట్టింపు గలిగిన మన జాతి, పారవేయుటలో ఎవరికిని తీసిపోయినది కాదు. అయితే వారు పారవేసిన వస్తువును పుచ్చుకొనుటకు ఎవరో యొకరు సిద్ధముగా నుండిరి. పశువు కొంత, చెదపురుగు కొంత, కంటికి కనబడని సూక్ష్మజీవులు కొంత పుచ్చుకొనెడివి. నేడు మనము పారవేయుచున్నది మాత్రము పుచ్చుకొనువారు లేని వస్తువు. చేతి యలవాటు పాతదే. చేతిలోని వస్తువు క్రొత్తది. ఈ రెంటికిని పొత్తు కుదురకపోవుటయే ఈ పాఠమునకు విషయము.

ఆకును, ముంతను అట్లు పారవేసినవారే, గట్టి వస్తువుల విషయమున మిక్కిలి జాగ్రత్తగా నుండిరి. ఇత్తడి బిందెకు చిల్లి పడినచో మాటు వేయించిరి. వంటపాత్రలకు ఏటేట కళాయి పెట్టించిరి. కళాయివాడు వీధిలో కొలిమి పెట్టి తిత్తి ఊదుచుండ, చుట్టు నిలిచి చూచుట ఆ కాలపు పిల్లలకు గొప్ప వినోదము. పాత చీర మొదట పసిబిడ్డకు ఉయ్యెల యయ్యెను. పిదప నాలుగైదు చీరెలు కలిసి బొంత యయ్యెను. ఆ బొంత చినిగినపుడు దాని ముక్క వంటయింటిలో మసిగుడ్డ యయ్యెను. చదివిన కాగితములను గూడ నానబెట్టి, మెంతులతో కలిపి రుబ్బి, ఆ గుజ్జును చాటలకును, బుట్టలకును పూసెడివారు. పూత వేసిన చాట వెదురు పీచు లేవకుండ చాలకాలము పనికి వచ్చెడిది. పెంటకుప్ప సంగతి యైతే చెప్పనే అక్కరలేదు. అది ఇంటి ఆస్తి. దానిలో గాజుముక్క వేసిన పిల్లవానికి చెవి మెలిపెట్టుట తప్పెడిది కాదు. పొలములో అది ఎవరి కాలిలో గ్రుచ్చుకొనునో యని భయము.

ఇక చేతిలోని వస్తువు ఎట్లు మారెనో చూతము. బెల్జియములో పుట్టి అమెరికాలో స్థిరపడిన లియో బేకలాండ్ అను రసాయన శాస్త్రవేత్త 1907లో బేకలైటు అను పదార్థమును తయారు చేసెను. రసాయనముల నుండి పూర్తిగా మనుష్యుడే కల్పించిన ప్లాస్టికులలో ఇది మొదటిది. పాత రేడియో పెట్టెలు, నల్లని విద్యుత్తు స్విచ్చులు దీనితో చేసినవే. కాని నేడు మన కాళ్ళకు చుట్టుకొనుచున్న పలుచని సంచి దీని సంతతి కాదు. అది పాలిథీను అను వేరొక పదార్థము.

పాలిథీను అనుకొనకుండ దొరకినది. 1933లో ఇంగ్లండు దేశమున నార్త్‌విచ్ వద్దనున్న ఒక రసాయన కర్మాగారములో ఎరిక్ ఫాసెట్, రెజినాల్డ్ గిబ్సన్ అను ఇరువురు శాస్త్రవేత్తలు ఇథిలీను అను వాయువును మిక్కుటమైన ఒత్తిడికి లోను చేసి, వేరొక రసాయనముతో కలుపుటకు ప్రయత్నించుచుండిరి. వారు కోరినది జరుగలేదు. పాత్ర తెరచి చూడగా లోపల మైనమువంటి తెల్లని పదార్థము కనబడెను. రెండవ ప్రపంచ యుద్ధమునందు రాడారు యంత్రముల తీగలకు తొడుగుగా ఇది మిక్కిలి ఉపకరించెను. నీరు దిగదు, విద్యుత్తు పారదు, తుప్పు పట్టదు, తేలికగా వంగును. ఇన్ని సుగుణములు ఒక్కచోట చేరిన పదార్థము వేరొకటి లేదు. యుద్ధకాలమున ఏ గుణములు వరములైనవో, ఆ గుణములే పిమ్మట చిక్కులు తెచ్చినవి.

అది ఎట్లన: ఇథిలీను అణువులు బడిపిల్లలు చేతులు పట్టుకొని నిలిచినట్లు ఒకదాని కొకటి తగులుకొని వేలకొలది అణువుల గొలుసుగా ఏర్పడును. ఆకులో నుండు పదార్థమును గూడ ఇట్టి గొలుసే యని శాస్త్రజ్ఞులు చెప్పుదురు. కాని ఆకులోని గొలుసును త్రుంచుటకు కావలసిన సాధనములు సూక్ష్మజీవులకు కోట్ల సంవత్సరములుగా అలవడి యున్నవి. పాలిథీను పుట్టి నూరు సంవత్సరములైనను కాలేదు. దానిని సులువుగా త్రుంచి తినగల జీవులు మన నేలలో లేవు. ఎండకు అది పెళుసెక్కి, ముక్కలై, పొడి యగును. కాని ఆ పొడియు ప్లాస్టికే. కంటికి కనబడనంత మాత్రమున అది మాయమైనదని తలచుట పొరపాటు.

యుద్ధము ముగిసిన పిమ్మట అమెరికాలోని కర్మాగారములు తాము చేయు వస్తువులకు క్రొత్త కొనుగోలుదారులను వెదకికొనవలసి వచ్చెను. చిరకాలము మన్ను వస్తువును మనుష్యుడు ఒక్కసారియే కొనును. పారవేయు వస్తువును దినదినము కొనును. ఈ లెక్క వర్తకులకు తెలియుటకు ఎంతో కాలము పట్టలేదు. 1955 ఆగస్టు 1వ తేదీన వెలువడిన లైఫ్ అను ప్రసిద్ధ అమెరికా పత్రికలో ఒక ఛాయాచిత్రమును ప్రచురించిరి. అందు భార్యాభర్తలును, ఒక బిడ్డయు చేతులెత్తి నిలిచి యుందురు. వారి చుట్టు గాలిలో పళ్ళెములు, గ్లాసులు మొదలైన ఒక్కసారి వాడి పారవేయు సామగ్రి యెగురుచుండును. వీనిని కడుగవలసి వచ్చినచో నలువది గంటలు పట్టునని, ఇక నా శ్రమ యిల్లాలికి లేదని ఆ పత్రిక సంతోషించెను. ఆ వ్యాసమును వ్రాసినవారు దుష్టులు కారు. పాత్రలు తోమి తోమి అలసిన స్త్రీకి కొంత విశ్రాంతి దొరకు ననుట మంచి మాటయే. గాలిలో నెగిరిన ఆ వస్తువులు క్రింద పడిన పిమ్మట ఎచ్చటికి పోవునో మాత్రము ఆ చిత్రములో లేదు.

నేడు మనమెరిగిన చేతిసంచి రూపమును కల్పించినవాడు స్టెన్ గుస్తాఫ్ తులిన్ అను స్వీడను దేశీయుడు. 1965లో ఆయన కంపెనీ దానికి అమెరికాలో పేటెంటు పొందెను. ఇందు ఒక విచిత్రము కలదు. కాగితపు సంచుల కొరకు చెట్లను నరకుట తగ్గవలెనని ఆయన తలచెననియు, తాను మాత్రము ఒక సంచిని మడిచి జేబులో నుంచుకొని మాటిమాటికి వాడుచుండెడివా డనియు ఆయన కుమారుడు తరువాతి కాలమున చెప్పెను. చేసినవాడు దాచుకొనెను; కొన్నవారు పారవేసిరి.

పిదప జరిగినది అంకెలలో చెప్పినచో మీకు సులభముగా తెలియును. 1950లో ప్రపంచమంతట తయారైన ప్లాస్టికు ఇరువది లక్షల టన్నులు. 2015లో అది సుమారు 38 కోట్ల టన్నులు. ఈ నడుమ మొత్తము 830 కోట్ల టన్నుల ప్లాస్టికు తయారైనదని, అందు 630 కోట్ల టన్నులు చెత్తగా మారినదని 2017లో శాస్త్రవేత్తలు లెక్కగట్టిరి. ఆ చెత్తలో నూటికి తొమ్మిది పాళ్ళు మాత్రమే మరల కరగించి వాడబడినవి. పండ్రెండు పాళ్ళు కాల్చబడినవి. తక్కిన డెబ్బది తొమ్మిది పాళ్ళును దిబ్బలలోనో, నేలపైననో, నీళ్ళలోనో ఉన్నవి. పసిఫిక్ మహాసముద్రమున లోకములోకెల్ల లోతైన మేరియానా అగాధములో, పది వేల ఎనిమిది వందల మీటర్లకు మించిన లోతున, ఒక ప్లాస్టికు సంచి కనబడినది. 2022లో నెదర్లాండ్స్ దేశమున ఇరువది యిద్దరి రక్తమును పరీక్షింపగా పదునేడుగురి రక్తములో ప్లాస్టికు రేణువులు కనబడెను. వీని వలన దేహమునకు కలుగు కీడు ఎంతయో ఇంకను శోధించుచున్నారు.

ఇక మన వీధులకు వత్తము. ఒకప్పుడు అంగడికి పోవువాడు గుడ్డసంచి చంకకు తగిలించుకొని పోయెడివాడు. నూనెకు సీసా, పాలకు చెంబు తీసికొనిపోవలెను. బెల్లమును కాగితములోనో, ఆకులోనో కట్టి పురికొసతో బిగించి యిచ్చెడివారు. 1980ల తరువాత క్రమక్రమముగా పలుచని సంచులు వచ్చినవి. ఊరక యిచ్చుచున్నారు గనుక ఎవరును వలదనలేదు. చేతులు ఊపుకొనుచు పోయి, సంచులు నింపుకొని వచ్చుట మర్యాదగా కూడ తోచెను! ఇంటిలో మిగిలిన అన్నము, కూరగాయల తొక్కలు ఆ సంచిలోనే వేసి, మూతి ముడివేసి వీధిలో పెట్టుట యలవాటైనది. చూచుటకు శుభ్రమైన పనియే. కాని పశువున కది ఉరి.

ఆవు తిండిని మొదట నమలదు. మేసినదానిని మ్రింగి, మొదటి పొట్టలో నుంచుకొని, తీరికగా నోటికి తెచ్చుకొని నెమరు వేయును. అన్నపు వాసనకు వచ్చిన ఆవు చేతులు లేనిది గనుక ముడి విప్పలేదు. సంచితో కూడ మ్రింగును. అన్నము అరుగును. సంచి అరుగదు. నెమరునకు పైకి రాదు, క్రింది ప్రేగులకు దిగదు. ఇట్లు ఒక దాని తరువాత నొకటి చేరి, పురికొసలతోను, గుడ్డపీలికలతోను పెనవైచుకొని, పొట్టలో పెద్ద ముద్ద యగును. ఆవు పొట్ట నిండుగా నున్నట్లు కనబడును. లోపల మేతకు చోటుండదు. అది ఆకలితో చచ్చుచున్నదని పైకి చూచువారికి తెలియదు.

శ్రీ సత్యసాయి జిల్లాలోని పుట్టపర్తిలో కరుణా సొసైటీ అను జంతుసంరక్షణ సంస్థవారు ఇట్టి పశువులకు శస్త్రచికిత్సలు చేయించి, పొట్టలనుండి పదుల కిలోల కొలది ప్లాస్టికును వెలికి తీయించిరి. అంతటితో ఊరకుండక 2012లో సుప్రీము కోర్టును ఆశ్రయించిరి. పట్టణములలో పశువులు ప్లాస్టికు తిని చచ్చుచుండగా ప్రభుత్వములు ఏమి చేయుచున్న వని వారి ప్రశ్న. ఆ వ్యాజ్యము విచారణలో, ప్లాస్టికు సంచులు రాబోవు తరమునకు అణుబాంబును మించిన ముప్పు కాగల వని న్యాయమూర్తులు అభిప్రాయపడిరి. రాయలసీమలోని చిన్న ఊరిలో ఒక ఆవు కడుపును కోసి చూచినవారు దేశపు అత్యున్నత న్యాయస్థానమును కదలించిన వృత్తాంత మిది. చాలమందికి తెలియదు.

పశువులకే కాదు, పట్టణములకును ఇట్టి అజీర్ణమే కలిగినది. బంగ్లాదేశములో 1988లోను, 1998లోను వచ్చిన గొప్ప వరదలలో నీరు వెడలు కాలువలకు పాలిథీను సంచులు అడ్డుపడి వరద యుద్ధృతిని పెంచినవని గుర్తించిరి. 2002లో ఆ దేశము పలుచని సంచులను నిషేధించెను. ఇట్లు చేసిన దేశములలో అదియే మొదటిది. ధనిక దేశములు కాదు, వరదలో మునిగిన పేదదేశము ముందు మేలుకొన్నది. 2005 జూలై 26న ముంబయిలో ఒక్కనాడు 944 మిల్లీమీటర్ల వాన కురిసినపుడును సంచులతో పూడిన కాలువల సంగతి బయటపడినది.

ప్రకృతిని కాపాడవలెనను స్పృహ ప్రజలలో ఒక్కనాడు పుట్టినది కాదు. 1962లో రేచల్ కార్సన్ అను అమెరికా శాస్త్రజ్ఞురాలు పురుగుమందుల వలన పక్షులు మొదలైన జీవులు నశించుచున్న తీరును వివరించు గ్రంథమును ప్రకటించినది. 1972లో స్టాక్‌హోములో ఐక్యరాజ్యసమితి జరిపిన మహాసభకు మన ప్రధానమంత్రి ఇందిరాగాంధీ వెళ్ళి ప్రసంగించినది. ఆ సభ మొదలైన జూన్ 5వ తేదీనే నేడు పర్యావరణ దినముగా జరుపుచున్నాము. 1976లో చేసిన రాజ్యాంగ సవరణ వలన అడవులను, సరస్సులను, నదులను, వన్యప్రాణులను రక్షించుట పౌరుల ప్రాథమిక విధులలో చేరినది. 1984 డిసెంబరులో భోపాలున విషవాయువు వేలమందిని బలిగొన్న పిమ్మట 1986లో పర్యావరణ పరిరక్షణ చట్టము వచ్చినది. 1991లో సుప్రీము కోర్టు, పర్యావరణమును పాఠశాలలలో తప్పక బోధింపవలెనని చెప్పినది. ఇట్టి పాఠములు మీ పుస్తకములలో చేరుటకు ఆ తీర్పును ఒక కారణమే. పరీక్షలో ప్రశ్న వచ్చినచో ఎవరిని నిందింపవలెనో మీకు తెలిసినది గదా!

ప్లాస్టికు విషయమున మన దేశపు నియమములు ప్రధానముగా మందమును బట్టి నడచుచున్నవి. మిల్లీమీటరులో వెయ్యవ భాగము ఒక మైక్రాను. సంచి మందము 2021 సెప్టెంబరు 30 నుండి 75 మైక్రానులకును, 2022 డిసెంబరు 31 నుండి 120 మైక్రానులకును తక్కువ కాగూడదని కేంద్ర ప్రభుత్వము విధించినది. మందముతో పని యేమని మీరడుగవచ్చును. పలుచని సంచికి వెల లేదు. వెల లేని దానిని అంగడివాడు లెక్క లేకుండ ఇచ్చును. తీసికొన్నవాడు లెక్క లేకుండ విసరును. పాత సామాను ఏరువాడును దానిని ముట్టుకొనడు. వేయి సంచులు ఏరినను ఆతని గోతాము తూగదు. మందము పెరిగినచో వెల పెరుగును. అంగడివాడు డబ్బు అడుగును. అడిగినపుడు మనకు ఇంటిలోని గుడ్డసంచి జ్ఞాపకమునకు వచ్చును. మనుష్యుని గుణమెరిగి చేసిన నియమ మిది. 2022 జూలై 1 నుండి ప్లాస్టికు పళ్ళెములు, గ్లాసులు, చెంచాలు, గొట్టములు మొదలైన కొన్నింటిని దేశమంతట నిషేధించిరి.

నిషేధము కాగితముపై నుండుట వేరు, సంతలో నుండుట వేరు. నేటికిని వారపు సంతలలో పలుచని సంచులు గాలికి ఎగురుచునే యున్నవి. పైగా క్రొత్త మాయలు వచ్చినవి. కాగితపు పళ్ళెము అని కొన్నదానికి లోపలి వైపున పలుచని ప్లాస్టికు పొర అంటించి యుండును. విస్తరాకు రంగు వేసిన పళ్ళెములును కలవు. చూపునకు ఆకు, తాకిన ప్లాస్టికు! పిల్లలు తిను చిరుతిండ్ల పొట్లములు లోపల వెండివలె మెరయును. అది లోహపు పూతకు ప్లాస్టికు చేర్చి చేసినది. ఆ రెంటిని విడదీయుట కష్టము గనుక వానిని కొనువారు అరుదు. నీళ్ళ సీసాలను ఏరుకొని పోవువారు ఈ పొట్లములను వదలివేయుట అందుకే. తెల్లవారకమునుపే గోతాము భుజమున వేసికొని వీధులలో తిరుగు ఆ మనుష్యులను మనము చులకనగా చూతుము. మరల కరగించు పనికి పోవు వస్తువులలో పెద్ద భాగము వారి చేతుల మీదుగనే పోవుచున్నది. వారికి జీతము లేదు, చేతికి తొడుగు లేదు.

ప్లాస్టికు అంతయు చెడ్డదని నేను చెప్పబోను. దవాఖానలో రక్తము నిలువచేయు సంచి ప్లాస్టికుది. అనంతపురము వంటి కరవు జిల్లాలో బత్తాయి చెట్టు మొదట బొట్టుబొట్టుగా నీరు విడుచు గొట్టము ప్లాస్టికుది. అవి తమకు తగిన పనియే చేయుచున్నవి. అంగడినుండి ఇంటికి పది నిమిషముల దూరము కరివేపాకు మోయుటకు, ఎన్నటికిని చివకని వస్తువు ఏల? ఈ ప్రశ్న రసాయన శాస్త్రమునకు చెందినది కాదు, ఇంటి లెక్కకు చెందినది.

పూనుకొన్నచోట పని జరిగినది. హైదరాబాదు నుండి విజయవాడకు పోవు త్రోవలో సూర్యాపేట కలదు. ఆ పట్టణపు పురపాలక సంఘమువారు 2003 ప్రాంతమున ఇంటింట తడిచెత్తను, పొడిచెత్తను వేరు వేరుగా పుచ్చుకొనుట మొదలిడిరి. తడిచెత్తను వానపాములకు వేసి ఎరువు చేసిరి; పొడిచెత్తను అమ్మిరి. వీధులలో చెత్తకుండీలు అక్కరలేకపోయినవి. ఇతర రాష్ట్రములవారును వచ్చి చూచి పోయిరి. అక్కడ క్రొత్త యంత్ర మేదియు లేదు. పాత పెంటకుప్ప న్యాయమునే పట్టణమునకు తెచ్చిరి. తిరుమలలో దేవస్థానమువారు ప్లాస్టికు నీళ్ళసీసాలను మాన్పించిరి. సిద్దిపేట ప్రాంతమున స్టీలు బ్యాంకు లని ఏర్పడినవి. డబ్బుకు బదులు అందు పళ్ళెములు, గ్లాసులు ఉండును. శుభకార్యము చేయువారు వానిని తీసికొనిపోయి, పని తీరిన పిదప తోమి, లెక్క చూచి అప్పగింతురు. దేశదేశముల ప్రతినిధులు మాత్రము ప్లాస్టికుపై ఒక ఒప్పందమునకు రావలెనని 2022లో నైరోబిలో తీర్మానించుకొని, 2025 ఆగస్టులో జెనీవాలో కూడ ఏకాభిప్రాయము కుదురక లేచిపోయిరి. అన్నట్లు, సిద్దిపేటవారి గ్లాసులు జెనీవా కొరకు ఎదురుచూడలేదు.

నేను ప్రధానోపాధ్యాయుడనుగా నున్న కాలమున మా విజ్ఞానశాస్త్రపు ఉపాధ్యాయుడు ఎనిమిదవ తరగతి పిల్లలచేత ఒక పని చేయించెను. జూన్ నెలలో బడి తెరచినపుడు వేపచెట్టు ప్రక్కన మూరెడు లోతున నాలుగు గోతులు త్రవ్వించి, ఒకదానిలో అరటియాకు ముక్క, ఒకదానిలో వార్తాపత్రిక, ఒకదానిలో పాత నూలు రవికె, నాలుగవదానిలో ఒక అంగడివారి ప్లాస్టికు సంచి పూడ్పించి, గుర్తునకు ఇటుకలు పెట్టించెను. ఏప్రిలులో, పరీక్షలు ముగిసిన నాడు, వానిని త్రవ్విరి. మొదటి గోతిలో ఆకు ఉన్నదని చెప్పుటకు ఆనవాలు లేదు. రెండవదానిలో నల్లని చెక్కులు కొన్ని. మూడవదానిలో గుడ్డ లేదు గాని, వంకరటింకరగా ఒక దారము దొరకినది. రవికె పోయి దాని కుట్టు మిగిలినది! ఆ దారము నూలుది కాదు, టెరిలీనుది. దానిని కనిపెట్టి చెప్పినది ఒక దర్జీవాని కుమార్తె. మా ఉపాధ్యాయునకు కూడ అది తట్టలేదు.

నాలుగవ గోతిలోని సంచి పెట్టినది పెట్టినట్లే యుండెను. గడ్డివేళ్ళు దానివరకు వచ్చి, లోనికి పోజాలక, చుట్టును తిరిగి పోయినవి. ఒక పిల్లవాడు దానిని దులిపి ఎత్తి పట్టుకొనగా దానిపై నున్న అంగడి పేరును అందరును చదివిరి. పని ముగిసినది గదా యని ఆతడు దానిని పారవేయబోయి, ఆగి, చుట్టును చూచెను. ప్రహరీగోడ అవతల చెరువు. ఇవతల మేము త్రవ్విన గొయ్యి. "సార్, దీన్నెక్కడ వేయమంటారు?" అని అడిగెను. మా ఉపాధ్యాయుడు నా వైపు చూచెను. చివరకు బోరింగు వద్ద దానిని కడిగి, ఆరవేసి, ప్రయోగశాలలోని బీరువాలో, గాజుకుప్పెల ప్రక్కన ఉంచితిమి. నేను ఉద్యోగ విరమణ చేయునాటికి అది అచ్చటనే యుండెను.